ఎం.జి.బి. వెనక కమాన్ కట్టలకి కొత్త బుష్‌లు: నేను చేసిన పద్ధతి

మా బండి 1972 నాటి ఎం.జి.బి. జి.టి. అనే పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు, టీల్ బ్లూ రంగు. ఇంగ్లండ్‌లో డాక్టరుగా పని చేస్తూ పదేళ్ళు దాచుకున్న డబ్బుతో 2016లో కొన్నాను. మేముండేది షెఫీల్డ్‌లో. ఊరు దాటి కొండల మీదుగా గ్లాసప్ వైపు పోయే స్నేక్ పాస్ రోడ్డులో ఆదివారం పొద్దున్నే ఒక చుట్టు తిరిగి రావడం నాకు అలవాటు. కిందటేడు చలికాలం ముందు ఆ మలుపుల్లోనే తేడా తెలిసింది. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే బండి వెనక భాగాన్ని ఎవరో పక్కకి నెట్టినట్టు ఉండేది. మళ్ళీ కాలు నొక్కితే అటు నుంచి ఇటు సర్దుకునేది. ఆగి కదిలేటప్పుడు సీటు కింద ఒక్క "ఠక్" మనే చప్పుడు. స్టీరింగు నేను తిప్పుతున్నానా, వెనక చక్రాలు తిప్పుతున్నాయా అన్న అనుమానం వచ్చిందంటే చూడాల్సింది వెనక బుష్‌లనే, అంటే కమాన్ కట్టల చివర్లలో కీలులా పనిచేసే రబ్బరు గొట్టాలనే.

ఈ బండిలో వెనక ఏర్పాటు మన అంబాసిడర్‌కి దగ్గరి చుట్టమే. అంబాసిడర్ అసలు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. అందులోని 1489 సీసీ పెట్రోల్ ఇంజనూ, ఎం.జి.బి.లోని 1798 సీసీ ఇంజనూ రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బి.ఎం.సి.) వారి బి-సిరీస్ కుటుంబమే. రెండిట్లోనూ వెనక ఒకే గట్టి యాక్సిల్, దాన్ని మోసే రెండు కమాన్ కట్టలు, అంటే ఉక్కు పట్టీలు దొంతరగా పేర్చిన లీఫ్ స్ప్రింగులు. తెనాలిలో మా బాబాయి అంబాసిడర్ టాక్సీ నడిపేవాడు. కమాన్లు కిర్రుమన్నప్పుడల్లా విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్ళేవాడు, సెలవుల్లో నేనూ వెంట పోయేవాణ్ణి. అక్కడి మేస్త్రీ కుర్రాళ్ళ చేత అన్నీ విప్పించి, అన్నీ ఎక్కించి, చివర్లో మాత్రం "బండి నేల మీద నిలబడేదాకా ఆ బోల్టు బిగించొద్దురా" అని గట్టిగా అరిచేవాడు. ఎందుకో అప్పుడు తెలియలేదు. ఈ బండి కొన్న ఏడాదికి ఇక్కడ ఒక గ్యారేజీ వాళ్ళు ఈ కమాన్ల ముందు చివర బుష్‌లు మార్చారు. బండి లిఫ్టు మీద, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే మొత్తం బిగించేశారు. ఏడాది తిరక్కుండా ఆ రబ్బరు చిరిగిపోయింది. కారణం కిందికి వచ్చేసరికి చెబుతాను.

ముందు ఏ బుష్ ఎక్కడుందో చూద్దాం. ఒక్కో కమాన్ కట్టకి ముందు కన్ను ఒకటి, వెనక కన్ను ఒకటి. కన్ను అంటే పట్టీ చివర గుండ్రంగా చుట్టిన రంధ్రం. ముందు కంట్లో ఉండేది అతుకు బుష్: బయట ఉక్కు గొట్టం, లోపల సన్నటి ఉక్కు గొట్టం, మధ్యలో రెండిటికీ అతికించిన రబ్బరు. ఒక పెద్ద బోల్టు దాన్ని బాడీకి పట్టి ఉంచుతుంది. వెనక కన్ను షాకిల్‌కి వేలాడుతుంది. షాకిల్ అంటే రెండు పలకలు, రెండు పిన్నులు. కింది పిన్ను కమాన్ కంట్లోకి, పై పిన్ను చాసీలోని గొట్టంలోకి పోతుంది. ఒక్కో పిన్నుకి రెండు సగం బుష్‌లు, అటొకటి ఇటొకటి. అంటే పక్కకి నాలుగు, బండికి ఎనిమిది. ఇవి కాక యాక్సిల్‌కీ కమాన్‌కీ మధ్య రబ్బరు ప్యాడ్లు ఉంటాయి. విప్పినప్పుడు అవీ మార్చేయండి, ఖర్చు పెద్దగా ఉండదు.

ఏ సరుకు కొనాలన్న దాని మీద నా అభిప్రాయం రెండేళ్ళలో మారింది. మొదటిసారి నేనే చేసుకున్నప్పుడు అన్నిచోట్లా పాలీయురేథేన్ (ఒక రకం ప్లాస్టిక్, పొట్టిగా పాలీ) వేశాను. రబ్బరు కన్నా గట్టిది, నూనె తగిలినా పాడవదు, ఎక్కించడం సులువు. షాకిల్ దగ్గర బాగానే ఉంది. ముందు కంటి దగ్గర మాత్రం నాకు నచ్చలేదు. కమాన్ బండిలో ఆ ముందు కన్నే అసలు కీలు. ఇంజను తోపు, బ్రేకు వేసినప్పటి లాగుడు రెండూ అక్కడి నుంచే బాడీకి అందుతాయి. అక్కడ గట్టి బుష్ పెడితే యాక్సిల్ గేర్ల మోత నేరుగా సీటులోకి వస్తుంది. ఇంకో సంగతి ఉంది. ఒక చక్రం గతుకు ఎక్కితే యాక్సిల్ వాలుతుంది, దాంతో కమాన్ కట్ట కొద్దిగా మెలి పడుతుంది. ఆ మెలికకి బుష్ చోటివ్వాలి. అన్నిచోట్లా గట్టి బుష్‌లే ఉంటే ఆ భారమంతా పట్టీల మీదే పడుతుంది, చిన్న గతుకులకి కూడా బండి బిగుసుకుపోయినట్టు నడుస్తుంది. అందుకే ఈసారి ముందు కంట్లో మంచి రకం అతుకు రబ్బరు, వెనక షాకిల్లో మెత్తని రకం పాలీ వేశాను. షాకిల్ రబ్బరు సగాలు ఇప్పుడు దొరికేవి నా బండిలో రెండు శీతాకాలాలకే పిండిలా రాలాయి, కాబట్టి అక్కడ పాలీకే నా ఓటు. పాలీలో గట్టిదనం తరగతులుంటాయి. రేసు బండ్ల కోసం చేసిన గట్టి రకం రోడ్డు బండికి కొనకండి.

పని మొదలెట్టే ముందు ఒక సాయంత్రం కొలతలకి పెట్టుకోండి. బండిని సమమైన నేల మీద నిలిపి, వెనక చక్రం మధ్య బిందువు నుంచి మడ్‌గార్డు అంచు దాకా ఎంతుందో రెండు పక్కలా రాసుకోండి. నాది ఎడమ పక్క కుడి కన్నా 12 మి.మీ. తక్కువ వచ్చింది. తర్వాత కిందికి దూరి టార్చితో చూడండి. చిన్న పలుగు పెట్టి కమాన్ కంటి దగ్గర మెల్లగా ఎత్తితే మంచి బుష్ కొంచెం సాగి వెనక్కి వస్తుంది, పోయిన బుష్ కటకటలాడుతుంది. షాకిల్ పలకలు కమాన్‌ని రాసుకుంటూ మెరుస్తున్నాయా, నల్ల రబ్బరు పొడి ఉందా, చూడండి.

అదే టార్చితో ముందు బోల్టు పట్టుకునే చోట రేకు కూడా పరీక్షించండి. ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, తుప్పంతా అక్కడే చేరుతుంది. సస్పెన్షన్ బిగించే చోటు నుంచి 30 సెం.మీ. లోపల బాడీ తుప్పు పట్టి బలహీనపడితే ఎం.ఓ.టి. పరీక్ష, అంటే ఇక్కడ బండ్లకి ఏటా చేసే భద్రతా పరీక్ష, తప్పుతారు. 2018 మే నుంచి 40 ఏళ్ళు దాటిన, పెద్ద మార్పులు చేయని బండ్లకి ఆ పరీక్ష తప్పనిసరి కాదు. నేను మాత్రం ఏటా చేయిస్తాను. అక్కడ రేకు మెత్తగా ఉంటే బుష్‌ల పని ఆపి, ముందు వెల్డింగు చేయించండి.

బోల్టులన్నిటికీ మూడు రోజుల ముందు నుంచే తుప్పు వదిలించే నూనె పొద్దునా సాయంత్రం కొడుతూ ఉండండి. ముందు వైర్ బ్రష్‌తో దారాలు శుభ్రం చేస్తేనే నూనె లోపలికి పోతుంది. ఈ బండికి మిల్లీమీటర్ల పానాలు పనికిరావు, అంగుళాల సెట్టు కావాలి. దగ్గరగా ఉందని మిల్లీమీటరు పానా వాడితే నట్టు మూలలు అరిగిపోయి పని రెట్టింపవుతుంది.

జాకీ విషయంలో నన్ను చాదస్తుడనుకున్నా ఫర్వాలేదు. హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలని. గేరులో పెట్టినా పట్టేది వెనక చక్రాలనే. వెనక పైకెత్తాక రెండూ పనికిరావు. కాబట్టి ముందు చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు గట్టిగా పెట్టండి. చక్రాల నట్లు నేల మీదే కాస్త సడలించి, యాక్సిల్ మధ్యలోని గేర్ల డబ్బా (డిఫరెన్షియల్) కింద జాకీ పెట్టి ఎత్తండి. కమాన్ ముందు కంటికి కొంచెం ముందుగా, చాసీ గట్టి భాగం కింద రెండు స్టాండ్లు నిలపండి. బండిని వాటి మీదికి దించాక పక్క నుంచి గట్టిగా ఊపి చూడండి. ఊగితే మళ్ళీ మొదటి నుంచి పెట్టండి. జాకీ మాత్రం తీసేయొద్దు, యాక్సిల్ బరువు అదే మోయాలి. యాక్సిల్ వేలాడితే బాడీ నుంచి దాని మీదికి వచ్చే బ్రేకు రబ్బరు గొట్టం లాగబడుతుంది.

ఒకసారికి ఒక పక్కే విప్పండి. రెండో పక్క కమాన్ యాక్సిల్‌ని దాని చోట ఉంచుతుంది. రెండూ విప్పితే యాక్సిల్ ముందుకీ వెనక్కీ దొర్లి, తిరిగి కూర్చోబెట్టడం ఒక్కరి వల్ల కాదు.

చక్రం తీశాక కమాన్ కట్ట మీద ముందు వైపు తెల్ల పెయింటుతో గుర్తు పెట్టి, అన్ని కోణాల్లో ఫోటోలు తీసుకోండి. కమాన్ కింద యు-బోల్టులు పట్టుకునే పలకకి తగిలించి ఉన్న డాంపర్ (షాక్ అబ్సార్బర్) లింకు విప్పండి. తర్వాత యాక్సిల్‌ని కమాన్‌కి కట్టి ఉంచే యు-బోల్టుల నాలుగు నట్లు. పలక, కింది ప్యాడు ఊడి వస్తాయి. జాకీని కొంచెం ఎత్తితే యాక్సిల్ కమాన్ మీద నుంచి లేస్తుంది, ఎందుకంటే ఈ బండిలో కమాన్ యాక్సిల్ కింద నుంచి పోతుంది. ఇప్పుడు కమాన్ మీద బరువేమీ లేదు. షాకిల్ నట్లు విప్పి, వదులు పలకని బయటికి తీసి, పిన్నులున్న పలకని వెనక్కి కొట్టండి. కుడి పక్క పెట్రోల్ ట్యాంకు ఉండటం వల్ల పానా తిరగడానికి చోటు తక్కువ. చిన్న రాచెట్‌తో ఓపికగా విప్పాలి. ట్యాంకు అక్కడే ఉంది కాబట్టి ఎంత మొండికేసినా మంట పెట్టి వేడి చేయాలన్న ఆలోచన దగ్గరికి రానీయొద్దు.

ముందు బోల్టు దగ్గరే అసలు పరీక్ష. నాకది ఎదురైంది మొదటిసారి నేనే చేసుకుంటూ పాత అతుకు బుష్‌లు తీసినప్పుడు. నట్టు వచ్చేస్తుంది. బోల్టు తల తిప్పితే తిరుగుతుంది కూడా. కానీ బయటికి రాదు. తిరుగుతున్నది బోల్టు ఒక్కటే కాదు, బుష్ లోపలి గొట్టం కూడా. తుప్పు ఆ రెండిటినీ ఒక్కటి చేసింది. రబ్బరు మెలి తిరుగుతుంటే మనం బోల్టు కదిలిందనుకుని సంతోషిస్తాం. ఇత్తడి కడ్డీ పెట్టి పది దెబ్బలు వేసి చూడండి. రాకపోతే సుత్తి పెద్దది చేయకండి, ఆ దెబ్బలన్నీ బాడీ రేకు మీద పడతాయి. నేను కరెంటు రంపానికి పొడుగు బ్లేడు వేసి, కమాన్ కంటికీ బ్రాకెట్‌కీ మధ్యనున్న సందులో అటూ ఇటూ రెండు చోట్ల బోల్టునే కోసేశాను. ఎడమ పక్క గంటన్నర పట్టింది, మూడు బ్లేడ్లు అరిగాయి. కళ్ళద్దాలు, ముక్కుకి మాస్కు తప్పనిసరి. కొత్త బోల్టులు, నట్లు ముందే తెచ్చి పెట్టుకోండి, పాతవి తిరిగి వాడకండి.

ఇప్పుడు కమాన్ కట్ట బెంచి మీద ఉంది. పాత అతుకు బుష్‌ని బయటికి తోయాలి. ఒక పక్క బుష్ బయటి గొట్టం కన్నా కొంచెం చిన్న సాకెట్, రెండో పక్క కన్ను అంచుకి ఆనుకునే పెద్ద గొట్టం ముక్క, మధ్యలోంచి మందపాటి దారాల కడ్డీ, రెండు నట్లు, దళసరి వాషర్లు. నట్టు బిగిస్తూ పోతే బుష్ గొట్టంలోకి జరుగుతుంది. ఆ మొదటిసారి నా కుడి పక్కది ఇలా పది నిమిషాల్లో వచ్చింది. ఎడమది కదల్లేదు. అప్పుడు రబ్బరు చుట్టూ డ్రిల్లుతో వరసగా రంధ్రాలు వేసి, లోపలి గొట్టం తోసేసి, మిగిలిన ఉక్కు పొరని హాక్సా బ్లేడుతో లోపలి నుంచి కోశాను. ఇక్కడ నెమ్మది ముఖ్యం. బ్లేడు ఆ పలుచని పొర దాటి కంటి ఉక్కులోకి దిగకూడదు. కమాన్ కంటి మీద పడిన సన్నటి గీత నుంచే తర్వాతెప్పుడో పగులు మొదలవుతుంది, పైపట్టీ విరిగేది అక్కడే. పొర తెగబోతుందనగా కోయడం ఆపి, చిన్న ఉలితో అంచు లోపలికి మడవండి. పట్టు వదిలేస్తుంది.

కన్ను లోపల తుప్పంతా సన్న గరుకు కాగితంతో తీసేసి, అంచు మీద పదును లేకుండా ఆకురాయితో ఒక్కసారి రాయండి. కొత్త బుష్ రాత్రంతా ఫ్రీజర్లో ఉంచితే వెంట్రుక వాసి కుదించుకుంటుంది, ఆ మాత్రం సాయం చాలు. అదే కడ్డీతో లోపలికి లాగండి. తోపు బుష్ బయటి గొట్టం మీదే పడాలి. రబ్బరు మీదో లోపలి గొట్టం మీదో పడితే అతుకు అక్కడే ఊడిపోతుంది, బయటికి కనపడదు కూడా. మొదటి రెండు మూడు మిల్లీమీటర్లు తిన్నగా దిగిందో లేదో చూసి, వంకరగా ఉంటే వెనక్కి తీసి మళ్ళీ మొదలెట్టండి. నేను మోకాలు కీళ్ళ ఆపరేషన్లు రోజూ చూసే మనిషిని. వంకరగా కూర్చున్న కీలు తర్వాత సర్దుకుంటుందని అక్కడా అనుకోం, ఇక్కడా అనుకోకూడదు.

షాకిల్ పని దీని ముందు తేలిక. చాసీ గొట్టం లోపల వైర్ బ్రష్ తిప్పి, మూతి దగ్గర తుప్పు గట్టు లేకుండా చూడండి. ఆ గట్టు ఉంటే పాలీ సగం పూర్తిగా లోపలికి పోదు, పలకలు పిన్ను దారాల దాకా చేరవు. చాలామంది బుష్ పొడుగు ఎక్కువైందనుకుని కోసేస్తారు. నాకు మొదటిసారి అదే అనిపించింది, బ్లేడు కూడా చేతిలోకి తీసుకున్నాను. గట్టు తీశాక చేత్తోనే కూర్చుంది. పాలీకి బుష్‌లతో పాటు ఇచ్చే సిలికాన్ గ్రీజు లోపలా బయటా పట్టించండి, మామూలు చాసీ గ్రీజు కాదు. గ్రీజు తక్కువైతే నెల తిరక్కుండా ప్రతి గతుకుకీ కీచుమంటుంది. ముందు కంటి రబ్బరుకి మాత్రం ఏ గ్రీజూ వద్దు. అక్కడ బోల్టు ఒంటికి, లోపలి గొట్టానికి తగిలేమేర కాపర్ గ్రీజు పూయండి. తర్వాత ఎవరు విప్పినా రంపం అవసరం రాదు.

కమాన్ ముందు కన్ను బ్రాకెట్లోకి పెట్టి బోల్టు తొడిగి, నట్టు చేత్తో మాత్రమే తిప్పండి. వెనక షాకిల్ తగిలించండి. రెండో పలక దారాలకి అందకపోతే జి-క్లాంపుతో రెండు పలకల్నీ దగ్గరికి నొక్కితే అందుతుంది. ఈ నట్లు కూడా చేత్తోనే. కమాన్ మధ్య బోల్టు తల ప్యాడు రంధ్రంలో సరిగ్గా కూర్చునేలా చూసి యాక్సిల్ దించండి. కింది ప్యాడు, పలక, కొత్త లాక్ నట్లు వేయండి. యు-బోల్టు నట్లని ఎదురుబొదురుగా, కొంచెం కొంచెం చొప్పున బిగించాలి. నాలుగు మూలలా కింద మిగిలే దారం సమంగా ఉందేమో కంటితోనే తెలుస్తుంది. వీటిని ఇప్పుడే మీ మోడల్ వర్క్‌షాపు మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కి (ఎంత గట్టిగా బిగించాలన్న కొలతకి) బిగించవచ్చు. డాంపర్ లింకు తగిలించి, లివర్ డాంపర్లో ఆయిల్ మట్టం చూసి, చక్రం ఎక్కించండి. తర్వాత రెండో పక్క.

రెండు పక్కలా అయ్యాక బండిని నేల మీదికి దించండి. ఆ రోజు జాకీ దగ్గర మా అబ్బాయి ఉన్నాడు. "నాన్నా, అయిపోయిందిగా, ఒక రౌండ్ వేద్దామా?" అన్నాడు. "ఆగమ్మా, ఇంకా ముందు బోల్టులు బిగించలేదు" అన్నాను. ఆటోనగర్ మేస్త్రీ అరుపు వెనక ఉన్న సంగతి ఇదే. అతుకు బుష్‌లో ఏదీ జారదు, రబ్బరు మెలి పడుతుందంతే. బోల్టు బిగించిన క్షణంలో కమాన్ ఏ కోణంలో ఉంటుందో అదే ఆ రబ్బరుకి విశ్రాంతి కోణం. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే బండి దించిన మరుక్షణం నుంచి రబ్బరు మెలి తిరిగే ఉంటుంది, షెడ్డులో నిలబెట్టినా సరే. దాని మీద గతుకు వస్తే ఇంకా తిరగాలి. అలా చిరిగిపోతుంది. చిరిగేలోగా ఆ మెలికే బండి వెనక భాగాన్ని కొంచెం పైకెత్తి పట్టుకుంటుంది కాబట్టి మీరు తీసుకున్న కొలతలు కూడా తప్పుగా వస్తాయి.

అందుకని బండి దించాక వెనక బంపరు నాలుగైదుసార్లు నొక్కి వదలండి. రెండు మూడు గజాలు ముందుకీ వెనక్కీ తోయండి. తర్వాత వెనక చక్రాలని ర్యాంపుల మీదికి ఎక్కించాలి. బోల్టులు వదులుగా ఉన్నాయి కాబట్టి నేను ఇంజను వేయలేదు, ఇద్దరం కలిసి పక్కింటాయన సాయంతో తోశాం. ముందు చక్రాలకి మళ్ళీ దిమ్మలు. ఇప్పుడు చక్రాల మీద పూర్తి బరువు ఉంది, కింద పడుకోవడానికి చోటూ ఉంది. ముందు కంటి బోల్టులు మాన్యువల్ చెప్పిన టార్క్‌కి, ఆ తర్వాత షాకిల్ నట్లు. పాలీ తన పిన్ను మీద తనే తిరుగుతుంది కాబట్టి దానికి ఈ నియమం అంత కచ్చితం కాదు. షాకిల్లో రబ్బరే వేస్తే మాత్రం అదీ ఇలాగే బిగించాలి.

ఈసారి మొత్తం నాకు శని, ఆదివారాలు రెండు రోజులూ పట్టింది. సోమవారం డ్యూటీ అయ్యాక మొదటి చుట్టు ఊళ్ళోనే వేశాను. కదిలేటప్పటి "ఠక్" పోయింది. వారం తర్వాత స్నేక్ పాస్‌లో అదే మలుపులో కావాలనే కాలు తీశాను. బండి ముక్కు కొంచెం లోపలికి వచ్చింది, వెనక భాగం తన చోటే ఉంది. గేర్ల మోత పాలీ రోజుల్లో ఉన్నంత లేదు, మా ఆవిడ పక్క సీట్లో కూర్చుని మామూలు గొంతుతో మాట్లాడగలిగింది.

80 కి.మీ. తిరిగాక యు-బోల్టులు మళ్ళీ చూడాలి, కొత్త ప్యాడ్లు కొంచెం నలిగి కూర్చుంటాయి. నా బండిలో ఎడమ పక్క రెండు నట్లు పావు చుట్టు తీసుకున్నాయి, మిగతావి కదల్లేదు. మడ్‌గార్డు ఎత్తు మళ్ళీ కొలిస్తే రెండు పక్కల తేడా 12 నుంచి 5 మి.మీ.కి తగ్గింది. ఆ 5 ఎడమ కమాన్ కట్ట అలసట అయ్యుంటుంది, వచ్చే చలికాలం దాన్ని చూడాలి.